ఉద్యోగం మానేసి అద్దకం పనిలోకి దిగమంటారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట. సరదాకి మొదలుపెట్టిన చేతిపని బాగా కుదిరింది, నలుగురూ మెచ్చుకుంటున్నారు, కొందరు కొంటున్నారు కూడా, ఇక దీన్నే బతుకుతెరువు చేసుకోవచ్చా అని. విజయవాడలో పదమూడేళ్లుగా అద్దకం బట్టతో కుషన్ కవర్లు, టేబుల్ మీద పరిచే రన్నర్లు, సంచులు చేసి అమ్ముకుని బతుకుతున్నదాన్ని కాబట్టి, ఈసారి మూడు ఉత్తరాలే తీసుకుని కాస్త వివరంగా రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు, ఊళ్లు మాత్రం వేశాను.

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 33 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి 38 వేలు వస్తుంది, బేసిక్ 19 వేలు. చేరి నాలుగేళ్ల మూడు నెలలైంది. మూడేళ్ల కిందట మచిలీపట్నం దగ్గరి పెడన వెళ్లినప్పుడు సరదాగా నాలుగు చెక్క అచ్చులు కొనుక్కొచ్చాను, ఇప్పుడు 26 ఉన్నాయి. ఆదివారం పొద్దున 8కి కూర్చుంటే, మధ్యలో భోజనానికి ఒక గంట పోను, సాయంత్రం 5కి ఎనిమిది కుషన్ కవర్లు అవుతాయి. కుట్టడం బయట టైలర్‌కి ఇస్తాను. నెలకి 40 దాకా పోతున్నాయి, దసరా, దీపావళి మధ్య 110 పోయాయి. కవర్ 250కి ఇస్తున్నా, ఖర్చు 120 అవుతోంది, అంటే సగానికి పైగా లాభమే. బ్యాంకులో 2,40,000 దాచుకున్నాను. ఇంట్లో నా వంతు ఖర్చు నెలకి 22 వేలు. మావారు నీ ఇష్టం అంటున్నారు, మా అత్తగారు మాత్రం ఉన్న ఉద్యోగం వదులుకుంటారా అని రోజూ అంటున్నారు. ఆఫీసులో కూర్చుంటే మనసంతా అచ్చుల మీదే ఉంటోంది. మానేయమంటారా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: చెల్లెమ్మా, ఇప్పుడే మానేయొద్దు. మీ పని బాగాలేక చెబుతున్న మాట కాదిది. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను, అచ్చు అంచు పక్క అచ్చు అంచుకి తగిలే చోట వెంట్రుకవాసి తేడా కూడా లేదు, మూడేళ్లలో అలా చెయ్యి కుదరడం మామూలు విషయం కాదు. కానీ మీరు అకౌంట్స్ చూసే మనిషి, ఆఫీసు లెక్క పైసాతో సహా చూస్తారు, మీ కవర్ లెక్కలో మాత్రం సగం వదిలేశారు.

మీ ఉత్తరంలో బట్ట 70, రంగూ, రంగుని బట్టకి పట్టించే బైండరూ 13, టైలర్‌కి 25, ప్యాకింగ్ 12, మొత్తం 120 అని వేశారు. బాగుంది. మరి పాడైనవి? పదింటిలో ఒకటైనా మరకో, అచ్చు జారడమో, టైలర్ వంకర కుట్టడమో ఉంటుంది, అది మిగతా తొమ్మిదింటి మీద పడాలి, కవర్‌కి 12 వేసుకోండి. బట్ట ముందు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసినందుకు 8. అచ్చులు అరుగుతాయి, టేబుల్ మీద గోనెపట్టా, దుప్పట్లు మార్చాలి, దానికి 10. బట్ట తెచ్చుకోవడానికి ఆటో, ఫోన్లు, ఇంకో 10. మొత్తం 160. అంటే మీకు మిగిలేది 90 రూపాయలు. ఎనిమిది గంటలకి ఎనిమిది కవర్లు అన్నారు కదా, అంటే మీ చేతి గంట విలువ 90. వాట్సాప్‌లో జవాబులు చెప్పే టైమూ, ప్యాక్ చేసే టైమూ ఇందులో లేవు.

ఇదే ధరకి, ఇదే వేగంతో నెలకి 25 వేలు సంపాదించాలంటే 278 కవర్లు చేయాలి. నెలకి 25 రోజులు పనిచేస్తే రోజుకి 11 గంటలు టేబుల్ ముందు నిలబడి అద్దుతూనే ఉండాలి. భుజం నిలవదమ్మా. నాకు నిలవలేదు. రెండో ఏడాదికే కుడి మణికట్టుకి పట్టీ వేసుకుని పనిచేశాను.

చేతిపనిలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. ఫ్యాక్టరీ అయితే ఆర్డర్ పెరిగితే ఇంకో మిషన్ వేస్తారు, మనకి ఉన్నవి రెండు చేతులు, రోజుకి ఇన్ని గంటలు అంతే. ఆ గంటకి ధర కట్టకుండా ఎన్ని ఆర్డర్లు వచ్చినా అలసట పెరుగుతుంది గానీ డబ్బు పెరగదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఇంటి ఖర్చు జీతం చూసుకుంటుంది, కవర్ మీద వచ్చిన ప్రతి రూపాయీ లాభంలాగే కనిపిస్తుంది.

దీనికి దారి లేకపోలేదు, రెండున్నాయి. మొదటిది, ఒకే రకం ఎక్కువ మొత్తంలో ఒకేసారి చేయడం. ఆదివారం చేసే ఎనిమిది కవర్లూ ఎనిమిది రకాలుగా చేస్తున్నారని ఫొటోలు చూస్తేనే తెలుస్తోంది. ప్రతిసారీ రంగు కలపడం, ట్రే కడగడం, అచ్చు సందుల్లో ఇరుక్కున్న రంగుని పాత టూత్‌బ్రష్‌తో తోమడం, అద్దే టైము కంటే ఈ సర్దుకోవడానికే ఎక్కువ పోతుంది. ఒకే డిజైన్, ఒకే రంగు, 40 కవర్లకి సరిపడా బట్ట ఒకేసారి పరుచుకుని చేయండి. నా లెక్కలో అలా చేస్తే ఒక్కోటి అరగంటలో తేలుతుంది. రెండోది ధర. మీ కవర్ 380కి తక్కువ అమ్మకూడదు. 380లో 160 ఖర్చు పోతే 220, అదీ అరగంటకి. అప్పుడు 25 వేలకి 114 కవర్లు చాలు, అంటే అయిదేసి కవర్ల సెట్లు 23. అద్దకానికి 57 గంటలు. మిగతా టైమంతా అమ్మడానికి ఉంటుంది, నిజంగా అంత టైమూ పడుతుంది కూడా.

కొనుక్కునేవాళ్లు పోతారేమో అని భయం వేస్తుంది. కొంతమంది పోతారు. 250కి కొన్నవాళ్లలో సగంమంది మీ స్నేహితులూ, వాళ్ల అక్కచెల్లెళ్లూ అయి ఉంటారు, వాళ్లు మీ మీద ప్రేమతో కొన్నారు. మీరెవరో తెలియని మనిషి 380 పెట్టి కొని, మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చి ఇంకో సెట్ అడిగితే అప్పుడు వ్యాపారం ఉన్నట్టు. ఈ దసరాకి అలాంటివాళ్లు ఎంతమందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. షాపుల్లో పెట్టాలనుకుంటే మాత్రం 380 కూడా చాలదు, వాళ్లు మార్జిన్ 40 శాతం అడిగితే మీ చేతికి 228 వస్తుంది, ఖర్చు పోను 68.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి, ఇది డబ్బుకి సంబంధించింది కాదు. వరసగా రెండు మూడు రోజులు సెలవు పెట్టుకుని 40 కవర్లు ఒకే డిజైన్ అద్దండి. మొదటి పది హాయిగా పోతాయి, అచ్చు పెట్టి అరచేతి కింది భాగంతో ఒక్క గుద్దు గుద్ది ఎత్తితే పువ్వు తేటగా పడుతుంది, ఆ ఆనందం మీకు తెలిసిందే. ఇరవయ్యోది దాటాక ట్రేలో రంగు చిక్కబడుతుంది, అచ్చు సందులు పూడుకుంటాయి, ఆకు ఈనెలు అలుక్కుపోవడం మొదలవుతుంది. అక్కడ ఆపి, అచ్చు కడిగి, ఆరబెట్టి, మళ్లీ మొదటిదానంత శ్రద్ధగా ముప్పై ఒకటోది అద్దగలరా? నలభయ్యోది అయ్యాక కూడా ఈ పని మీద విసుగు రాకపోతే మీరు ఈ దారిలో ఉండగలరు. విసుగొస్తే తప్పేమీ లేదు, దాన్ని ఆదివారం పనిగానే ఉంచుకోండి, అందులో చిన్నతనం లేదు.

ఇక మీ 2,40,000 సంగతి. 22 వేల చొప్పున 11 నెలలు వస్తుందని మీరు వేసుకుని ఉంటారు. కానీ దసరా సీజన్‌కి జూలై, ఆగస్టుల్లోనే బట్ట కొనాలి, రంగులు కొనాలి, టైలర్‌కి ఇవ్వాలి, 70 వేలు అక్కడ పోతాయి, మిగిలింది ఏడున్నర నెలలకి వస్తుంది. మనది సీజన్ వ్యాపారం కూడా. శ్రావణం నుంచి దీపావళి దాకా ఊపిరాడదు, మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లకి బాగుంటుంది, ఆషాఢం, పుష్యం, మూఢం ఉన్న రోజులు ఫోన్ మోగదు. వానాకాలంలో పైగా రంగు ఆరదు, బట్టకి ముక్కవాసన. ఆ ఖాళీ నెలల్లో అద్దె కట్టాలి, ఇంట్లో సరుకులు తేవాలి, అది ముందే పక్కన పెట్టుకోవాలి.

అందుకే నా సలహా ఇది. ఇంకో తొమ్మిది నెలలు ఉద్యోగంలో ఉండండి. పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్లు పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్ 19 వేలు అంటున్నారు కాబట్టి, ఏడాదికి అందులో ఇరవై ఆరింట పదిహేను వంతుల చొప్పున అయిదేళ్లకి దాదాపు 55 వేలు. ఆ డబ్బుతో ఒక సీజన్ సరుకు వచ్చేస్తుంది, దాన్ని తొమ్మిది నెలల దూరంలో వదిలేసి రావడం ఎందుకు? పీఎఫ్ ముట్టుకోకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో మీ అమ్మానాన్నలు కూడా ఉంటే, మానేసిన రోజు అది పోతుంది, కాబట్టి బయట పాలసీ తీసుకుని అందులో వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకి బీమా వర్తించని మొదటి కాలం) ఎంతో చూసుకుని అప్పుడు రాజీనామా ఇవ్వండి. ఉద్యోగంలో ఉండగా పక్క వ్యాపారం చేయకూడదని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుందేమో ఈ రాత్రే తీసి చదవండి.

ఈ తొమ్మిది నెలల్లో తాంబూలం సంచులు మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. మన తెలుగువాళ్లలో ఇంటికి కుషన్ కవర్లు ఏటా కొనేవాళ్లు తక్కువ, కానీ పెళ్లి, గృహప్రవేశం, సీమంతం, వరలక్ష్మీ వ్రతం ఏదైనా వచ్చినవాళ్ల చేతిలో ఒక సంచి పెట్టి పంపడం మనకి తప్పదు. ఒక ఆర్డర్‌కి 150, 200, ఒకే డిజైన్, సగం డబ్బు అడ్వాన్స్. నా ఇల్లు గడిచింది ఈ సంచులతోనే, కుషన్ కవర్లు నాకు పేరు తెచ్చాయి.

సంచుల్లో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను. మొదట్లో ఒక పెళ్లికి 180 సంచులు ఒప్పుకున్నాను. శాంపిల్ బల్ల మీద పరిచి చూపించాను, వాళ్లకి నచ్చింది, ముహూర్తానికి రెండు రోజుల ముందే అందించాను. అందులో కొబ్బరికాయ పెట్టి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. అడుగున మడత కుట్టించలేదు, రెండు పలకలు కలిపి కుట్టేసిన సంచి అది. పిలకతో ఉన్న కాయ లోపలికి దిగలేదు, బలవంతంగా దింపితే జాకెట్ ముక్కకీ అరటిపళ్లకీ చోటు లేదు, ఎత్తితే పట్టీ దగ్గర దారం తెగింది. పెళ్లివారి ఇంటి ఆడవాళ్లు పెళ్లి రోజు పొద్దున కూర్చుని ప్లాస్టిక్ కవర్లలో తాంబూలాలు సర్దారు. డబ్బు పూర్తిగా తిరిగిచ్చేశాను, అయినా ఆ పెద్దావిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి నా టేబుల్ పక్కన ఎప్పుడూ ఒక కొబ్బరికాయ ఉంటుంది. ఏ శాంపిల్ అయినా కాయ, అర డజను పళ్లు, జాకెట్ ముక్క, పసుపు కుంకుమ పొట్లాలు పెట్టి, పట్టీ పట్టుకుని పదిసార్లు ఊపి చూశాకే ఫొటో తీస్తాను. కుషన్ కవర్ అయితే దిండు తొడిగి చూడాలి, రన్నర్ మీద పులుసు ఒలకబోసి ఉతికి చూడాలి. ఇంట్లో వాడే వస్తువు కదా, వాడి చూడకుండా అమ్మకూడదు.

రంగు విషయం కూడా. పిగ్మెంట్ రంగు ఆరినట్టు కనిపించినా వేడి తగలనిదే పట్టదు. అద్దాక ఒక రోజు ఆరనిచ్చి, వెనకవైపు నుంచి గట్టి వేడితో ఇస్త్రీ చేయండి, ప్రతి కొత్త డబ్బాకీ ఒక ముక్క అద్ది అయిదుసార్లు సబ్బు పొడితో ఉతికి ఆ ముక్కని తేదీ రాసి దాచుకోండి. ఆర్డర్ల తొందరలో మొదట పక్కన పెట్టేది ఈ పనినే, ఆ తర్వాత తెల్ల సోఫా పాడైందని ఫోన్ వస్తుంది.

మీ పేజీలో 'కలంకారీ కుషన్ కవర్లు' అని రాశారు. దయచేసి ఆ మాట తీసేయండి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసినదానికే చెందుతుంది. పెడనలో బట్టని కరక్కాయ నీళ్లలో ముంచి, ఇనుమూ బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు అద్ది, పటికతో ఎరుపుకి అద్ది, కాలవ నీళ్లలో ఉతికి, రాగి డేగిసాల్లో ఉడకబెట్టి, మళ్లీ ఉతికి ఆరేస్తారు, దానికి రోజులు పడుతుంది. డబ్బా రంగుతో మనం అద్దేది వేరు. అచ్చు అక్కడిదే కావచ్చు, పని అక్కడిది కాదు. మిషన్ మీద గుద్దేసిన బట్టని కలంకారీ అని అమ్మేవాళ్ల వల్ల ఆ ఊరి కుటుంబాలు ఇప్పటికే చాలా నష్టపోయాయి, మనలాంటివాళ్లం కూడా అందులో చేరితే ఎలా? 'చేతి అచ్చు అద్దకం' అని రాయండి, అది నిజం, వినడానికి బాగుంటుంది కూడా.

కాగితాల పని గురించి టెన్షన్ వద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరైనా రెండు వేలో మూడు వేలో అడిగితే ఇవ్వకండి. తెలంగాణలో వస్తువులు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మా ఆంధ్రప్రదేశ్‌లో అది 40 లక్షలు. వేరే రాష్ట్రాలకి పంపేటప్పుడు నియమాలు మారతాయి, చేతిపని వస్తువులకి కొంత మినహాయింపు ఉంది గానీ దానికీ షరతులున్నాయి, ఆఫీసులో మీకు తెలిసిన ఆడిటర్ ఎవరైనా ఉంటే ఒక గంట కూర్చుని అడగండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా మాత్రం ఈ వారమే తెరవండి.

ఎగ్జిబిషన్ స్టాల్‌కి డబ్బు కట్టేముందు కూడా ఇదే లెక్క. మూడు రోజులకి అద్దె, ఆటో, భోజనాలు కలిపి 12 వేలు అయితే, కవర్‌కి 220 చొప్పున 55 కవర్లు అమ్మాక గానీ మీకు మొదటి రూపాయి రాదు. ఒకచోట నాకు గేటు పక్కన స్టాల్ అని చెప్పి డబ్బు తీసుకుని, వెళ్లాక జనరేటర్ వెనక ఇచ్చారు, రసీదు మీద స్టాల్ నంబరు లేదు కాబట్టి ఏమీ చేయలేకపోయాను. నంబరు, ప్లాన్ కాగితం చేతికి రాకుండా కట్టకండి.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. ఆవిడకి ఈ లెక్కంతా కాగితం మీద చూపించండి. రేపు 200 సంచులకి పట్టీలు తిప్పి ఇస్త్రీ చేయాల్సి వచ్చినప్పుడు పక్కన కూర్చునేది ఎక్కువగా వాళ్లే, నా అనుభవం అది. అలా కూర్చున్నప్పుడు ఆ గంటలు కూడా లెక్కలో రాసి డబ్బు చేతిలో పెట్టండి.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి నుంచి లేసు అల్లుతాను. 36 అంగుళాల గుండ్రటి టేబుల్ క్లాత్ అల్లడానికి నాకు 40 గంటలు పడుతుంది. పక్కింటావిడ తన కూతురి అత్తవారింటికి ఇవ్వడానికి అడిగితే 1,500 చెప్పాను. మిషన్‌ది బజార్లో 300కి వస్తుంది, నువ్వు ఎలాగూ ఖాళీగానే ఉంటావు కదా, 600 తీసుకో అన్నారు. బాధేసింది. ఈ పనితో సంపాదించుకోవడం కుదరదా? (భీమవరం నుంచి)

జవాబు: అమ్మా, 'ఎలాగూ ఖాళీగానే ఉంటావు' అన్న ఆ మాట మీ జిల్లాలో ఈనాటిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకి లేసు నేర్పారు, తర్వాత అది విదేశాలకి ఎగుమతయ్యే పెద్ద వ్యాపారం అయింది. అల్లింది ఇళ్లలో కూర్చున్న ఆడవాళ్లు, వేలమంది. వాళ్లకి కూలి గంటల లెక్కన రాలేదు, ముక్కకి ఇంత, వాడిన దారానికి ఇంత అని వచ్చింది, ఎందుకంటే వంట అయ్యాక మిగిలిన టైములో చేసే పని అని అందరూ అనుకున్నారు, చివరికి అల్లేవాళ్లు కూడా అలాగే అనుకున్నారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ మీ గంటకి విలువ మీరు కట్టుకోకపోతే ఏ గుర్తింపూ కట్టదు.

మీరు చెప్పిన 1,500 కూడా తక్కువే. దారానికి 300 పోతే 1,200, నలభై గంటలకి గంటకి 30 రూపాయలు. గంటకి వంద వేసుకుంటే ఆ టేబుల్ క్లాత్ 4,300 అవుతుంది, ఆ ధరకి మీ వీధిలో కొనేవాళ్లు లేరు, అది మీ తప్పూ కాదు వాళ్ల తప్పూ కాదు. కాబట్టి పెద్దది అల్లడం ఆపి, అది మీ ఇంటికో, మీ అమ్మాయికో ఉంచండి. అమ్మడానికి లేసు అంచులు చేయండి. మంచి కాటన్ బట్ట టేబుల్ రన్నర్‌కి రెండు కొసలా మూడేసి అంగుళాల లేసు అల్లితే మీకు నాలుగు గంటలు పడుతుంది, బట్టా, దారం, కుట్టు కలిపి 250 వేసుకున్నా 650కి ఇవ్వచ్చు, చూడగానే చేతిపని అని తెలుస్తుంది. చేతిరుమాళ్లకి, దిండు గలీబులకి, దేవుడి గూటికి వేసే తెరకి అంచులు బాగా పోతాయి. వేసవిలోనూ సంక్రాంతికీ అమెరికా నుంచి వచ్చినవాళ్లు తేలిగ్గా సూట్‌కేసులో పట్టేవే వెతుక్కుంటారు, మడిస్తే అరచేతిలో ఇమిడే వస్తువు వాళ్లకి నచ్చుతుంది.

పక్కింటావిడకి ఏం చెప్పాలో కూడా అడిగారు. కోపంగా కాదు, మామూలుగానే, '40 గంటలు పడుతుంది పిన్నిగారూ, 600కి చేయలేను, ఇదిగో ఈ అంచు రన్నర్ 650కి ఇస్తాను' అని వస్తువు చేతిలో పెట్టండి. తీసుకుంటే సరే, లేకపోతే లేదు. 600కి మాత్రం ఒప్పుకోకండి, రేపు వీధంతా అదే ధర అడుగుతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 26. మా తాత కుమ్మరి చక్రం తిప్పారు, నాన్న వదిలేసి డ్రైవర్ అయ్యారు. నేను సెలవుల్లో నేర్చుకుని మట్టి కుండీలు, దీపాల గూళ్లు, గోడకి తగిలించే పలకలు చేస్తున్నాను. తెలిసినవాళ్ల దగ్గర కాల్పించుకుంటున్నా. సొంతంగా కరెంటు బట్టీ పెట్టుకోవడానికి 6 లక్షలు లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఏ లోన్ మంచిది? (హనుమకొండ నుంచి)

జవాబు: మీ తాతగారి చక్రం మళ్లీ ఇంట్లో తిరుగుతోందని చదివి చాలా సంతోషం వేసింది. లోన్ గురించి ముందు ఒక్కటి. చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరి పని ఉంది. శిక్షణ, పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీతో మొదట లక్ష వరకు, అది సరిగ్గా కట్టాక రెండు లక్షల వరకు అప్పు ఇచ్చే పథకం అది. అయితే గత అయిదేళ్లలో పీఎంఈజీపీ (సొంత ఉపాధికి సబ్సిడీతో లోన్ ఇప్పించే కేంద్ర పథకం) లాంటి స్కీముల్లో లోన్ తీసుకున్నవాళ్లకి అందులో చోటు ఉండదు. కాబట్టి ముందు పెద్ద లోన్‌కి పరుగెత్తితే చిన్నదీ చవకదీ పోతుంది. ఇప్పటి నియమాలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, ఏది ముందో తేల్చుకోండి.

కానీ నా అభిప్రాయంలో మీకు ఇప్పుడు బట్టీ అవసరం లేదు. మామూలు ఎర్రమట్టి 900, 1000 డిగ్రీల దగ్గర కాలుతుంది, దానికి తెలిసినవాళ్ల బట్టీ చాలు. కరెంటు బట్టీ అంటే బట్టీ ఖరీదే కాదు, త్రీఫేజ్ కనెక్షన్, దాని డిపాజిట్, నెలనెలా బిల్లు. బట్టీ సగం నింపి కాల్చినా కరెంటు దాదాపు అంతే లాగుతుంది. మీరు నెలకి ఎన్నిసార్లు బట్టీ నింపగలరు? అది మీ చక్రం మీద, మీ చేతుల మీద ఆధారపడిన లెక్క.

కొన్నవాళ్లు ఎక్కువగా ఏమంటున్నారో మీరు రాయలేదు. నాకు తెలిసి మట్టి కుండీల మీద మొదటి ఫిర్యాదు, నీళ్లు ఊరి తెల్ల టైల్స్ మీద గుండ్రటి మరక పడిందని. ఇంట్లో పెట్టుకునే కుండీకి అడుగున పెట్టే పళ్లెం కూడా చేసి, ఆ పళ్లేనికి లోపల పూత వేసి, రెండూ కలిపి జతగా అమ్మండి, ధర కూడా పెంచుకోవచ్చు. పార్సిల్‌లో పంపాలనుకుంటే అట్టపెట్టెలో సర్ది నడుమెత్తు నుంచి నాలుగుసార్లు కింద పడేసి చూడండి.

వచ్చే మూడు నెలలు అద్దె బట్టీలోనే కాల్చండి. ప్రతిసారీ ఎన్ని పెట్టారు, ఆరేటప్పుడు ఎన్ని బీటలిచ్చాయి, కాల్చేటప్పుడు ఎన్ని పగిలాయి, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎంతకి, అన్నీ రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్లండి, నాకు కూడా ఒక కాపీ పంపండి, చూసి రాస్తాను.